బధిర బాలల చదువు – గ్రామముల కర్తవ్యము

(ఒక గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము బధిర బాలలకు పాఠములు చెప్పు ఉపాధ్యాయులము. మా తరగతి గదులలో చేతులకు పని ఎక్కువ, గొంతునకు తక్కువ. కావున మా ప్రసంగమున వాగ్ధాటి లోపించినచో మన్నింపుడు. మేము చెప్పవచ్చిన విషయము మాత్రము చిన్నది కాదు. మీ ఊరిలోనో, ప్రక్క ఊరిలోనో చెవులు వినబడని బిడ్డ ఉండియుండును. ఆ బిడ్డ చదువు మా బడిలో కాదు, మీ ఊరిలోనే, మీ యింటి ముంగిటనే ప్రారంభము కావలసియున్నది. ఈ మాట చెప్పుటకే మేము వచ్చితిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక రైతు తన తొమ్మిదేండ్ల కుమారుని మా బడికి తీసికొనివచ్చెను. "వీడికి చెవుడు, మూగ కూడానండీ మాస్టారూ. మేకలు మాత్రం బాగా కాస్తాడు. చదువు రాదనుకుని ఊరుకున్నాం" అనెను. ఆ బాలుని కన్నులలో తెలివి తాండవించుచుండెను. కాని వానికి ఒక్క మాటయు తెలియదు. తన పేరు తనకు తెలియదు. అసలు మనుష్యులకు పేర్లుండునన్న సంగతియే తెలియదు. ఆకలి వేసినచో కడుపు చూపును; కోపము వచ్చినచో కేకలు వేయును. అంతకు మించి తన మనస్సులోని దానిని వెలిబుచ్చు సాధనము వానికి లేదు.

మా బడిలో ప్రతి బిడ్డకును ఒక సంజ్ఞ పేరుగా నుండును. ముఖముపై నున్న మచ్చనో, నవ్వునో, జుట్టునో బట్టి తోటి పిల్లలే ఆ పేరు పెట్టుదురు. ఈ బాలుని కనుబొమపై గాయపు మచ్చ కలదు. పిల్లలు దానిని వ్రేలితో తాకి చూపి, అదియే వాని పేరనిరి. అది తన్ను పిలుచుటయేనని వానికి బోధపడుటకు మూడు దినములు పట్టెను. బోధపడిన దినమున వాడు బడి యంతయు తిరిగి, చెట్టును, బావిని, పళ్లెమును, కుక్కను చూపి, దీని పేరేమి, దాని పేరేమి యని అడిగెను. తొమ్మిదేండ్ల ఆకలి ఒక్కసారిగా లేచినట్లుండెను.

ఇది సంతోషకరమైన కథ యని మీరు తలంపవచ్చును. మాకు మాత్రము అందు దుఃఖమే ఎక్కువ. వినగల బిడ్డ బడిలో చేరునాటికే వేలకొలది మాటలు ఎరిగియుండును. మా బాలుడు తొమ్మిదవయేట మొదటి మాట నేర్చెను. వాడు కష్టించి చదివెను. లెక్కలలో చురుకైనవాడని పేరు పొందెను. కాని పదవ తరగతికి వచ్చిన పిదప కూడ తెలుగు వాచకములోని పొడుగు వాక్యము వానికి అర్థమయ్యెడిది కాదు. పోయిన ఆ తొమ్మిదేండ్లను మేమెవ్వరమును తిరిగి ఇయ్యజాలకపోతిమి.

చెవుడు వేరు, మూగతనము వేరు

మన పల్లెలలో చెవిటిని, మూగను ఒక్కటిగా కలిపి చెప్పుట వాడుక. ఇది పొరపాటు. పుట్టు చెవుడు గల బిడ్డలలో అత్యధికుల గొంతునకు గాని, నాలుకకు గాని ఏ లోపమును ఉండదు. మాట చెవి ద్వారా లోనికి ప్రవేశించిన పిదపనే నోటి ద్వారా వెలికి వచ్చును. విననిదానిని ఎవరును పలుకలేరు. తెలివితేటలకును చెవుడునకును ఎట్టి సంబంధమును లేదు. కావున ఈ బిడ్డలకు కలిగిన అసలు లోటు భాష అందకపోవుటయే. చెవిని బాగుచేయుట అన్నివేళల మన చేతిలో లేదు. భాష నందించుట మాత్రము ఎల్లప్పుడును మన చేతిలోనే యున్నది.

2011 జనాభా లెక్కలనుబట్టి మన దేశములో వినికిడి లోపము గలవారు సుమారు 50 లక్షలమంది. సాధారణ సంభాషణపు ధ్వని సుమారు 60 డెసిబెళ్లు. మాటలు వినబడు స్థాయిలో రెండు చెవులకును 70 డెసిబెళ్ల నష్టము గలవారిని చట్టము బధిరులని నిర్వచించుచున్నది. అనగా మనము దగ్గర కూర్చుండి మామూలుగా పలుకు మాట వారికి చేరదన్నమాట.

జాగు చేయరాదు

బిడ్డకు చెవుడున్నదని తల్లిదండ్రులు గుర్తించుటలోనే మొదటి ఆలస్యము జరుగుచున్నది. దీనికి కారణము కలదు. వినికిడి లేని పసిపాపయు మొదటి మాసములలో ఏడ్చును, నవ్వును, ఊకొట్టినట్లు శబ్దములు చేయును. ఆ శబ్దములు తరువాత క్రమముగా తగ్గును. పెద్దలు పళ్లెము మ్రోగించి చూతురు. నేల అదరుటవలననో, గాలి తగులుటవలననో, నీడ కదలుటవలననో బిడ్డ తిరిగి చూచును. "వినబడుచున్నది, మాటలు ఆలస్యముగా వచ్చును, వీని తాతకును ఐదవయేటనే వచ్చెను" అని సరిపుచ్చుకొందురు. ఇట్లు రెండేండ్లు, మూడేండ్లు గడచిపోవును.

పుట్టిన బిడ్డ నిద్రించుచుండగనే చెవిలో చిన్న శబ్దమును పంపి, లోపలి చెవి ఇచ్చు ప్రతిధ్వనిని పట్టి చూచు పరీక్ష యున్నది. అది కొద్ది నిమిషముల పని, నొప్పి యుండదు. మొదటి మాసములో పరీక్ష, మూడవ మాసములోపల నిర్ధారణ, ఆరవ మాసములోపల చికిత్సయు శిక్షణయు ప్రారంభము కావలెనని నిపుణుల నియమము. ఆరు మాసములలోపల లోపము బయటపడిన పిల్లలకు భాష మెరుగుగా వచ్చుచున్నదని 1998లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధన చూపినది. మన దేశములో 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద, పుట్టుకనుండి 18 ఏండ్లవరకు పిల్లలను పరీక్షించు ఏర్పాటు కలదు. ఆ పరీక్షింపవలసిన లోపములలో పుట్టు చెవుడును చేరియున్నది. లోపమున్నట్లు అనుమానము కలిగిన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు.

తల్లులు గమనింపవలసిన గుర్తులు మూడు. పెద్ద శబ్దమునకు పసిపాప ఉలికిపడవలెను. ఆరవ మాసమునాటికి శబ్దము వచ్చిన దిక్కునకు తల త్రిప్పవలెను. ఏడాది నిండునప్పటికి పేరు పెట్టి పిలిచినచో వెనుదిరిగి చూడవలెను. ఇందేది లోపించినను ఆశా కార్యకర్తతో చెప్పుడు. చెవిలో నూనెగాని, ఆకు పసరుగాని పోయకుడు. చీము కారు చెవిని ఉపేక్షింపకుడు. అట్టి చెవుడును చికిత్సచే చాలవరకు నివారింపవచ్చును.

చెవుడు పూర్వజన్మ పాపము కాదు, తల్లి దోషము కాదు. గర్భిణికి సోకిన రుబెల్లా జ్వరము, నెలలు నిండని కాన్పు, పుట్టిన వెంటనే వచ్చిన తీవ్రమైన కామెర్లు, మెదడుపొరల వాపు, కొన్ని మందులు – ఇవన్నియు కారణములు కావచ్చును. కొన్ని కుటుంబములలో అది వంశానుగతముగా వచ్చును. మేనరికములలో అట్టి అవకాశము అధికము. 2017 నుండి వేయుచున్న తట్టు–రుబెల్లా టీకా ఈ కారణములలో ఒకదానిని తొలగింపగలదు.

పెదవుల చదువు, చేతుల భాష

బధిరులకు చదువు చెప్పుట ఎట్లన్న ప్రశ్న పాతది. సుమారు 1760 ప్రాంతమున పారిస్ నగరములో అబ్బే ద లెపే అను క్రైస్తవ మతాచార్యుడు పేద బధిర బాలలకు ఉచిత పాఠశాల నడపెను. చెవిటివారైన అక్కచెల్లెండ్రిద్దరు చేతులతో సంభాషించుకొనుట చూచి, ఆ సంజ్ఞలనే ఆయన బోధనకు సాధనముగా గ్రహించెను. ఆ మార్గమున యూరపులోను, అమెరికాలోను అనేక పాఠశాలలు వెలసినవి.

1880లో ఇటలీలోని మిలాన్ నగరమున జరిగిన బధిర విద్యా మహాసభ దీనికి భిన్నముగా తీర్మానించెను. సంజ్ఞలను విడిచి, పెదవుల కదలికను చూచి గ్రహించుట, నోటితో పలుకుట మాత్రమే నేర్పవలెనని ఆ తీర్మానము. అందు ఓటు వేసినవారు దాదాపు అందరును వినగలవారే. దాని ఫలితముగా బడులలో సంజ్ఞలను నిషేధించిరి. మన దేశములోను, 1893లో కలకత్తాలో స్థాపింపబడిన పాఠశాల మొదలుకొని, తరువాత వెలసిన పెక్కు బడులలో నోటిమాటకే ప్రాధాన్యము లభించెను. అయినను పిల్లలు వసతిగృహములలో, ఆటస్థలములలో పెద్దల కంట పడకుండ సైగలతోనే మాటలాడుకొనుచు ఆ భాషను కాపాడుకొనిరి.

పెదవుల చదువు ఎంత కష్టమో మీరే పరీక్షించుకొనవచ్చును. ఒకరు గొంతు విప్పక 'పాట', 'బాట', 'మాట' అని పెదవులు కదల్పవలెను. ఎదుటివారు ఏది ఏదో చెప్పవలెను. మూడింటికిని పెదవులు ఒక్కతీరునే కదలును. 'క', 'గ' అను అక్షరములు నోటి లోపలి భాగమున పుట్టును. అవి కంటికి కానరావు. తెలుగు తెలిసిన పెద్దలకే ఇట్లుండ, తెలుగు మాట యెన్నడును వినని బిడ్డ పెదవులను చూచి తెలుగు నేర్చుట సాధ్యమా?

1960లో విలియం స్టోకీ అను అమెరికా పండితుడు బధిరుల సంజ్ఞలు వట్టి సైగలు కావనియు, వాటికి నియమబద్ధమైన నిర్మాణము గలదనియు నిరూపించెను. మన దేశపు సంజ్ఞా భాషను గూర్చి 1970ల నుండి పరిశోధనలు జరిగినవి. దానికిని తనదైన వ్యాకరణము కలదు. ఉదాహరణకు ప్రశ్నను తెలుపు మాటయు, కాదనుమాటయు సాధారణముగా వాక్యాంతమున వచ్చును. తుదకు 2010లో కెనడాలోని వాంకూవర్ నగరమున జరిగిన మహాసభ మిలాన్ తీర్మానములను త్రోసిపుచ్చి, వాటివలన కలిగిన హానికి విచారము తెలిపినది. ఈలోపల నూట ముప్పది సంవత్సరములు గడచినవి.

సైగలు నేర్పినచో బిడ్డకు మాటలు రావని చాలమంది తల్లిదండ్రులు భయపడుచున్నారు. ఈ భయమునకు ఆధారము లేదు. చేతులతోనైనను ఒక భాష చక్కగా వచ్చిన బిడ్డకు రెండవ భాష నేర్చుట సులభమగును. ఏ భాషయు రాని బిడ్డకు ఏదియు సులభము కాదు.

యంత్రములు – వాటి పరిమితి

మన ఊళ్లలో చెవి మిషనని పిలుచుచున్న వినికిడి యంత్రము శబ్దమును పెద్దది చేయును. కొద్దిగానైన వినికిడి మిగిలియున్నవారికి అది మేలు చేయును. కాని అది పెట్టెలో భద్రపరచు వస్తువు కాదు. బ్యాటరీ అయిపోయిన యంత్రమును ధరించుట కంటె ధరింపకుండుటయే నయము. బిడ్డ పెరిగినకొలది చెవి పెరుగును. చెవి అచ్చును మార్చుచుండవలెను. అచ్చు వదులైనచో యంత్రము ఈలవేయును; బిడ్డ దానిని తీసి పారవేయును. "మా వాడు పెట్టుకోడండీ" అని చెప్పు తల్లులలో పలువురకు ఈ సంగతి తెలియదు.

లోపలి చెవిలో అమర్చు కాక్లియర్ ఇంప్లాంట్ అను శస్త్రచికిత్స మరియొకటి కలదు. ప్రభుత్వ పథకముల క్రింద పేద పిల్లలకు ఇది లభించుచున్నది. ఎంత చిన్నతనమున చేసిన అంత ప్రయోజనము. అయితే శస్త్రచికిత్సతో పని ముగియదు. పిమ్మట సంవత్సరముల తరబడి మాటల శిక్షణ ఇప్పింపవలెను. వెలుపలి పరికరము చెడినచో బాగుచేయించు ఖర్చు ఉండును. అందరు పిల్లలకును ఫలితము సమానముగా ఉండదు. కావున యంత్రము వచ్చువరకు గాని, వచ్చిన తరువాత గాని, సంజ్ఞలను మానవలదు.

బడిలోని చిక్కులు

బడుల కొరతలను గూర్చి మేము దాచి చెప్పదలచలేదు. బధిర బాలల పాఠశాలలు కొన్ని పట్టణములలోనే యున్నవి. ఆరేండ్ల బిడ్డను, అందును ఆడపిల్లను, దూరపు వసతిగృహములో విడుచుటకు తల్లి మనస్సు ఒప్పదు. విడిచినచోట వార్డెనుకు, వంటవారికి సంజ్ఞలు రాకున్నచో, ఆ బిడ్డ తనకు నొప్పియనిగాని, ఎవరో బాధించిరనిగాని చెప్పుకొనలేదు. రాత్రి దీపములన్నియు ఆర్పివేసినచో మా పిల్లలకు మాటలే ఉండవు; చీకటిలో చేతులు కనబడవు కదా! వసతిగృహములో ఒక దీపము వెలుగుచుండవలెనని నియమము పెట్టుకొనునప్పుడు ఇట్టివి ఆలోచింపవలెను.

మీ ఊరి బడిలోనే చేర్చినచో మరియొక చిక్కు. నలుబదిమంది వినగల పిల్లల నడుమ ఒక బధిర బాలుడు కూర్చుండును. ఉపాధ్యాయుడు నల్లబల్లవైపు తిరిగి మాటలాడుచు వ్రాయును. బాలునకు ఆయన వీపు మాత్రమే కనబడును. బాలుడు ప్రక్కవాని నోటుపుస్తకము చూచి అందముగా ఎక్కించుకొనును. దస్తూరి బాగున్నదని తండ్రి సంతోషించును. వ్రాసినది ఒక్క ముక్కయు బాలునకు అర్థము కాలేదని ఎవరును గ్రహింపరు. పేరు హాజరుపట్టీలో ఉండును, చదువు ఉండదు.

ఉపాధ్యాయుల విషయమున కూడ లోటున్నది. ప్రత్యేక శిక్షణ పొందినవారిలోను సంజ్ఞా భాషలో ధారాళముగా పాఠము చెప్పగలవారు తక్కువ. మాలో పలువురము పిల్లలవద్దనే ఆ భాష నేర్చుకొంటిమని ఒప్పుకొనుటకు సిగ్గుపడము. చదువుకొన్న బధిరులే ఉపాధ్యాయులైనచో ఈ లోటు తీరును. వారిని చూచినప్పుడే పిల్లలకును, తాము పెద్దయై ఏమి కాగలరో తెలియును.

చట్టము ఏమి చెప్పుచున్నది

2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము, నూటికి నలుబది లేక అంతకు మించిన లోపము గల బిడ్డకు 6 నుండి 18 ఏండ్లవరకు ఉచిత విద్య హక్కు. బధిరులకు తగిన భాషలో, తగిన పద్ధతిలో బోధింపవలెననియు, సంజ్ఞా భాష తెలిసిన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి నియమింపవలెననియు ఆ చట్టము విధించుచున్నది. రెండవ, మూడవ భాషలనుండి మినహాయింపు నిచ్చుట కూడ అందు చేరియున్నది. ఈ మినహాయింపు పిల్లలకు ఊరటయే. కాని భారము తగ్గించుట వేరు, భాష నేర్పుట వేరు. మొదటిది చేసి రెండవది మరువరాదు.

2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రము ఏర్పడినది. 2018లో మూడువేల పదములతో వెలువడిన దాని దృశ్య నిఘంటువు 2021 నాటికి పదివేల పదములకు పెరిగినది. పాఠ్యపుస్తకములను సంజ్ఞా భాషలోనికి తెచ్చుటకు 2020లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలితో ఒడంబడిక జరిగినది. 2021లో జాతీయ సార్వత్రిక పాఠశాల సంజ్ఞా భాషను ఒక భాషా విషయముగా ప్రవేశపెట్టినది. మనకు సమీపముననే సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ పేర నున్న జాతీయ సంస్థకు ప్రాంతీయ కేంద్రము కలదు. ఆ మహనీయుడు ఒకప్పుడు మహారాష్ట్ర గవర్నరుగా నుండిన హైదరాబాదువాసి.

గ్రామము చేయవలసినది

ఇన్ని సంస్థలు ఉన్నను, మీ ఊరి బిడ్డను వాటికి చేర్చు చేయి మీ ఊరిలోనే ఉండవలెను. మేము కోరునవి ఐదు పనులు.

మొదటిది, అంగన్‌వాడీ కార్యకర్తయు, ఆశా కార్యకర్తయు ప్రతి పసిబిడ్డ వినికిడిని గమనించి, అనుమానమున్న పేరును వ్రాసి, వైద్యునికి చూపించువరకు విడువరాదు.

రెండవది, సదరం ధ్రువపత్రమునకు, గుర్తింపు కార్డునకు తిరుగు తల్లిదండ్రులకు పంచాయతీ తోడుగా నిలువవలెను. కూలి మానుకొని మూడుసార్లు తిరిగిన తండ్రి నాలుగవసారి వెళ్లడు.

మూడవది, మండలములోని భవిత కేంద్రమునకు బిడ్డను పంపి, అచ్చటి ఉపాధ్యాయునితో సంబంధము కలిగియుండవలెను.

నాలుగవది, ఊరి బడిలోని గురువుగారు ఆ బిడ్డను ముందు వరుసలో కూర్చుండబెట్టి, వెలుగు తమ ముఖముపై పడునట్లు నిలిచి, పిల్లలవైపు తిరిగియే మాటలాడవలెను. ముఖ్యమైన మాటలు బల్లపై వ్రాయవలెను. కేకలు వేయుటవలన ప్రయోజనము లేదు.

ఐదవది అన్నింటికంటె ముఖ్యమైనది. ఇంటిలోని వారందరును సంజ్ఞలు నేర్వవలెను. చెవుడు గల పిల్లలలో నూటికి తొంబదిమందికి పైగా వినగల తల్లిదండ్రులకే పుట్టుచున్నారు. అన్నము పెట్టు తల్లికి, కథ చెప్పు నాయనమ్మకు, ఆడుకొను అన్నకు ఆ భాష రాకున్నచో, నిండు ఇంటిలో ఆ బిడ్డ ఒంటరి యగును. నిఘంటువులోని సంజ్ఞలు నేడు సెల్ ఫోనులోనే చూడవచ్చును. దినమునకు రెండు నేర్చినను ఏడాదికి ఏడువందలగును.

మేము మొదట చెప్పిన బాలుడు సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లెను. సెలవుల పిమ్మట వానిని దింపుటకు ఈసారి తల్లి వచ్చెను. "ఇంటికొచ్చిన దగ్గర్నుంచి చేతులాడిస్తూ నాతో ఏదో చెప్తానే ఉన్నాడు మాస్టారూ, నాకేమీ తెలియలా. ఏం చెప్పాడో ఏమో" అని కన్నీరు పెట్టుకొనెను. ఆ సాయంత్రము ఆమె మా బడి మెట్లపై కూర్చుండి కుమారునివద్దనే ఇరువది సంజ్ఞలు నేర్చుకొనెను. 'అమ్మ' అను సంజ్ఞను చూపి, అది నీవే యని వాడు ఆమెకు చెప్పినపుడు మేము కొంతసేపు అచ్చట నిలువలేకపోతిమి.

ఆ సాయంత్రము తొమ్మిదేండ్లకు ముందే రావలసియుండెను. మీ ఊరి బిడ్డ విషయమున అంత ఆలస్యము కాకుండునట్లు చూడుడు. మేము మా వంతు పని చేయుటకు సిద్ధముగా నున్నాము. బిడ్డ మావద్దకు వచ్చునాటికి వాని చేతిలో కొన్ని మాటలైనను ఉండునట్లు మీరు చేసినచో, మిగిలిన చదువు నేర్పు భారము మాది. సెలవు.